కొంగమెడ బండి చర్చి మలుపు తిరిగిన రోజు

రిటైరైనవాళ్ల మాట ఎవరూ వినరంటారు గానీ, నాకు మాత్రం ఫోన్లు వస్తూనే ఉంటాయి. మొన్న ఒకమ్మాయి చేసింది. వ్యవసాయ ఇంజనీరుగా కొత్తగా చేరిందట. రైతు సంఘానికి యంత్రాలు మోసే ట్రైలర్ ఒకటి ఎంచిపెట్టాలట. "ఏది తీసుకోమంటారు మేడమ్?" అని అడిగింది. "ముందు దారి చూడు, తర్వాత బండి చూడు. అంతకంటే ముందు ఆ బండి చుట్టూ ఉండే మనుషుల్ని చూడు" అన్నాను. ఆ పిల్ల "సరే మేడమ్" అంది. ముసలావిడ ఏదో వేదాంతం చెబుతోంది అనుకుని ఉంటుంది. వేదాంతం కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదు కనక ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయితో పాటు మీరూ చదవండి.

నా ఉద్యోగమంతా ఇనుముతో గడిచింది. నాగళ్లు, దమ్ము చక్రాలు, నూర్పిడి యంత్రాలు, చివరికి వరికోత మిషన్లు. చేతిలో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. అందుకని ఊళ్లలో నన్ను టేపమ్మ అనేవారు. వెనకాల అనేవారని రాద్దామనుకున్నాను గానీ, అది అబద్ధం. మొహం మీదే అనేవారు. వెనకాల అనుకునే మొహమాటం మా ఉత్తరాంధ్ర వాళ్లకి లేదు.

రిటైరవడానికి ముందు నా ఆఖరి పని శృంగవరపుకోట దగ్గర, కొండల కింద ఉన్న ఒక రైతు సంఘంతో. వాళ్లకు ఒక వరికోత మిషన్ ఉండేది. టైర్లకు బదులు రబ్బరు చైన్ల మీద నడిచే రకం. బురద మడిలో ఏనుగులా నడుస్తుంది. కానీ రోడ్డెక్కితే ఆ చైన్లు అరిగిపోతాయి. కాబట్టి ఊరి నుంచి ఊరికి దాన్ని ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. కోతల రోజుల్లో లారీ దొరకడమంటే, పెళ్లిళ్ల రోజుల్లో సన్నాయి మేళం దొరకడం లాంటిదే.

సంఘంలో ఉన్న ఊళ్లలో చివరిది గెడ్డ అవతల ఉంటుంది. గెడ్డంటే కొండ మీద నుంచి వచ్చే వాగు. అక్కడికి పోవాలంటే వాలు దిగి, గెడ్డ దాటి, మళ్లీ వాలు ఎక్కాలి. అంతకుముందు ఏడు ట్రాక్టర్ వెనక మామూలు ట్రాలీ తగిలించి, దాని మీద మిషన్ ఎక్కించి పంపారు. వాలు దిగేటప్పుడు ట్రాలీ కుడికీ ఎడమకీ ఊగి, ట్రాక్టర్‌నే తోసుకుంటూ పోయి గెడ్డలో ఒరిగింది. డ్రైవరు దూకి బతికాడు. మిషన్ బయటికి తీసేలోగా తుపాను వచ్చింది. ఆ ఊళ్లో పండిన వరి పండినట్టే నీళ్లలో పడుకుని, కంకి మీదే మొలకెత్తింది.

ఆ ఊరి తరఫున సంఘంలో మాట్లాడేది ఒక అప్ప. అప్ప అంటే ఇక్కడ అక్క. ఊరందరికీ ఆవిడ అప్పే, నాకూ అప్పే. భర్త పోయాక సొంతంగా సేద్యం చేస్తోంది. ఆదివారం చర్చిలో ఆవిడ గొంతు అందరికంటే పైన వినపడుతుంది, మీటింగులోనూ అంతే. ఆ ఏడు మొదటి మీటింగులోనే లేచి నిలబడింది.

"మిసను మాదీ అంటారు. మా ఊరికి మాత్రం రాదు. పోయినేడు నా వరి మొలకలొచ్చింది, అది సూస్తూ కూకున్నాను. ఈ ఏడూ మిసను గెడ్డ దాటకపోతే మా ఊరు ఊరంతా సంఘంలోంచి తప్పుకుంటాది. అంతే. ఇంకేటీ నేదు."

సంఘం అధ్యక్షుడు తలవంచుకున్నాడు. ఆయన పెద్ద రైతు, మంచి మనిషి. ఊరి అమ్మవారి సంబరంలో పల్లకీ మోసేవాళ్లకు పెద్ద కూడా ఆయనే. ముందు బొంగు ఎప్పుడూ ఆయన భుజం మీదే. చివరికి తలెత్తి నా వైపు చూసి, "మేడమ్ గోరూ, మీరే ఏదో బండి సూడండి" అన్నాడు. అలా ఆ అప్ప వరి నా మెడకు చుట్టుకుంది.

నేను ఒక రకం బండి అప్పటికే మనసులో పెట్టుకున్నాను. ఇంగ్లీషులో గూస్‌నెక్, అంటే బాతుమెడ అంటారు. మామూలు ట్రైలర్ బండి తోకకు తగిలించి ఉంటుంది. దీనికి ముందు భాగం మెడలా పైకి లేచి, వంగి, లాగే లారీ వెనక చక్రాల నెత్తి మీద కూర్చుంటుంది. దాని వెనక పక్కగోడలు లేని చదునైన బల్ల. బరువులో కొంత లారీ మోస్తుంది, అందుకని వాలులో ఊగదు. సంఘానికి పాత మినీ లారీ ఒకటి ఉంది కాబట్టి దానికి సరిపోతుంది.

కొత్తవలసలో ఇలాంటివి తయారుచేసే షెడ్డు ఉంటే కమిటీ మొత్తాన్ని తీసుకెళ్లాను. అధ్యక్షుడు, అప్ప, లారీ డ్రైవరు, ఇంకో నలుగురు. డ్రైవరు అధ్యక్షుడికి బావమరిది. గెడ్డ దగ్గర ట్రాక్టర్ మీద నుంచి దూకింది అతనే. వాళ్లంతా ట్రైలర్‌ని సంతలో ఎద్దుని చూసినట్టు చూశారు. ఒకాయన బల్ల మీద చరిచాడు. ఒకాయన చక్రాల మధ్య దూరి పొట్ట చూశాడు. డ్రైవరు ఎక్కి వెల్లకిలా పడుకుని, "నిద్దరకి బాగున్నాది" అన్నాడు. పళ్లు మాత్రం లెక్కపెట్టలేదు, ఉంటే అదీ చేసేవాళ్లు.

"దీని మెడేటి ఇలగున్నాది? కొంగలాగ" అన్నాడు అధ్యక్షుడు. అంతే, గూస్‌నెక్ అన్న మాట అక్కడితో పోయింది. కొంగమెడ బండి అయింది.

బరువు సంగతి చెప్పడానికి నేను ఎడ్లబండినే సాయం తెచ్చుకున్నాను. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు బిగుస్తుంది కదా, ముందు కొంచెం బరువుంటేనే బండి బుద్ధిగా నడుస్తుంది కదా, ఇదీ అంతే అన్నాను. నేను ఇంకా వివరించబోతుంటే డ్రైవరు అడ్డొచ్చాడు.

"తెలిసింది మేడమ్ గోరూ. తోక పట్టుకుని ఏలాడే గుంటడు ఎటు పడితే అటు ఊగుతాడు. బుజమెక్కిన గుంటడు కుదురుగుంటాడు. నాను దూకక్కర్నేదు, అంతే కదేటి?"

గుంటడంటే ఇక్కడ పిల్లాడు. ఇంత బాగా నేను ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. బండి రకం మీద అందరూ ఒక్కటయ్యారు. గొడవ పొడుగు దగ్గర వచ్చింది.

నేను పొట్టి బల్ల చాలన్నాను. మిషన్ పట్టేంత. అధ్యక్షుడు పొడుగుది కావాలన్నాడు. మిషన్ వెనక గడ్డి కట్టలు కట్టే యంత్రం కూడా ఎక్కించుకోవచ్చు, చెరకు వేసుకోవచ్చు, పెళ్లిళ్లకు సామాన్లు తోలుకోవచ్చు, సంబరానికి స్టేజీ చేసుకోవచ్చు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బండి కొనకముందే దాని మీద బుర్రకథ కూడా చెప్పించేశాడు. కమిటీ అంతా ఆయన వెనకే.

"చర్చి మలుపు తిరగదు" అన్నాను.

గెడ్డ దారిలో, అధ్యక్షుడి ఊళ్లోనే, ఒక మలుపుంది. లోపలి వైపు చర్చి రాతి ప్రహరీ మూల, బయటి వైపు రామకోవెల అరుగు. రెండూ రోడ్డును ఒరుసుకునే ఉంటాయి. బండి ఎంత పొడుగైతే దాని వెనక చక్రాలు మలుపులో అంత లోపలికి కోసుకొస్తాయి. పొడుగు బల్లైతే చక్రం వచ్చి చర్చి గోడను గుద్దుతుందని నా లెక్క. కాగితం మీద గీసి చూపించాను. అధ్యక్షుడు కాగితాన్ని మర్యాదగా అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు.

"గీతలు మాకు తెలవ్వు మేడమ్ గోరూ. బొంగులతో బండి కట్టి తిప్పి సూద్దుం. తిరిగితే పొడుగుది, తిరక్కపోతే మీది."

నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే తెగ నచ్చింది. ఇరవై ఏళ్లుగా అధికారులకు చెబుతున్నాను, కొనేముందు నమూనా కట్టి చూడండని. ఒక్కరూ వినలేదు. ఇక్కడ రైతులు వాళ్లంతట వాళ్లే అంటున్నారు. వెదురు బొంగులతో సరిగ్గా బండి కొలతకు చట్రం కట్టించాను. టేపుతో నేనే కొలిచాను. చక్రాలుండే చోట ఇద్దరిద్దరు మనుషులు నిలబడి మోయాలి, ముందు లారీ బదులు అధ్యక్షుడూ ఆయన బావమరిదీ.

ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. డ్రైవరు నోటితో హారన్ కొట్టాడు. మలుపు దగ్గర నేను ముందు వైపు నిలబడ్డాను, ఎందుకంటే ముందు మూల రామకోవెల అరుగును తాకుతుందేమోనన్నది నా భయం. టేపు పట్టి చూశాను, తాకలేదు. వెనక భాగం గోడ చాటున ఉంది, నాకు కనపడలేదు. చూస్తుండగానే చట్రం మొత్తం మలుపు తిరిగి అవతలికి వచ్చేసింది. జనం ఈలలు. ఎవరో డప్పు కూడా తెచ్చారు. నా లెక్క తప్పింది. ఎలా తప్పిందో అర్థం కాక ఆ రాత్రి అన్నం సయించలేదు గానీ, కళ్లతో చూసిందాన్ని కాదనలేను కదా. పొడుగు బండికే సంతకం పెట్టాను.

బండి వచ్చిన రోజు చూడాలి మీరు. ఆకుపచ్చ రంగు, ఎర్ర చక్రాలు. అమ్మవారి పూజారి కొబ్బరికాయ కొట్టి పసుపు రాశాడు. పసుపు ఆరకముందే పాస్టరు గారు బల్ల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఊరి ఆడపడుచు దిష్టి తీసింది. ఇన్ని దీవెనలు నా పెళ్లికి కూడా దొరకలేదు. అప్ప మాత్రం దూరంగా నిలబడి, "గెడ్డ దాటినాక సూద్దుం" అంది.

ఒట్టి బండిని ఒకసారి మలుపు తిప్పి చూద్దామన్నాను. "బొంగుల బండి తిరిగినాది కాదేటి" అన్నారు. ఇంతలో ఇవతలి ఊళ్లలో కోతలు మొదలైపోయాయి. బండి తిరుగుతూనే ఉంది, మలుపు దాకా మాత్రం పోలేదు.

ఇవతలి పొలాలు అయ్యేసరికి అందరి ఫోన్లూ మోగాయి. సముద్రంలో వాయుగుండం, రెండు రోజుల్లో వాన. గెడ్డ అవతలి వరి పసుపు పచ్చగా పండి, కోతకు సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం అన్నాలు మధ్యలో వదిలేసి మిషన్ ఎక్కించారు. దాని వెనక గడ్డి కట్టల యంత్రం. బండి అందంగా నిండింది. కబురు తెలిసి అప్ప తన ఊరి నుంచి మలుపు దాకా ఎదురొచ్చింది, వెనక ఆ ఊరి వాళ్లంతా.

లారీ అరుగు దాకా వెడల్పుగా పోయి తిరిగింది. కొంగమెడ వంగింది. నేను ఈసారి వెనక నిలబడ్డాను. వెనక చక్రం నెమ్మదిగా, తాపీగా, నా కాగితం మీద గీత గీసినట్టే లోపలికి కోసుకొచ్చి, చర్చి గోడ మూలకు బెత్తెడు దూరంలో ఆగింది. నేను అరవకపోతే గుద్దేసేదే. ముందుకు పోదు. వెనక్కి తీసి మళ్లీ తిప్పినా అక్కడికే వచ్చింది. తూర్పున ఆకాశం అట్లపెనంలా నల్లబడుతోంది.

అప్ప ఏడవలేదు, తిట్టలేదు. పైటకొంగు నడుముకు బిగించి, "గునపం తెండి. గోడ కొట్టీండి. మా చర్చి గోడే కదా, మల్లా కట్టుకుంటాం" అంది.

అధ్యక్షుడు గోడకు అడ్డంగా నిలబడిపోయాడు. "తప్పమ్మా. దేవుడి గోడ. మేం కొట్టం. కొడితే మా అరుగు కొడతాం."

"అరుగు కొడితే ఏటొస్తాది? అది బయటేపు! తగులుతున్నది లోపలేపు!"

"ఏటొచ్చినా రాకపోయినా మీ గోడ మాత్రం ముట్టం!"

ఇలా ఒకరి దేవుడి గోడ కోసం ఇంకొకరు పోట్లాడుకుంటుంటే, నాకు ముద్దొచ్చిందని చెబితే బాగుంటుంది. రాలేదు. ఒళ్లు మండిపోయింది. వాయుగుండం వస్తుంటే వీళ్లకు మర్యాదలు కావాలి. టేపు నేలకేసి కొట్టి అధ్యక్షుడి మీదకు వెళ్లాను.

"మీ వెదురు బండి ఇక్కడెలా తిరిగిందయ్యా? నాకది చెప్పండి ముందు!"

ఆయన నన్ను వింతగా చూశాడు, ఇంత పెద్ద ఇంజనీరుకి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"ఎలగేటి మేడమ్ గోరూ? అమ్మోరి పల్లకీ ఎలగ తిరుగుతాదో అలగే. గోడ తగలబోతే ఎనకోల్లు కూసింత ఎత్తి, రెండడుగులు పక్కకేసినారు. లేపోతే తగిలిపోదేటి?"

తరతరాలుగా పల్లకీ మోసిన భుజాలు. సందు మలుపులో గోడకు తగలకుండా పక్కకు అడుగు వేయడం వాళ్లకు ఊపిరి తీసుకోవడంతో సమానం. మోసం చెయ్యాలని కాదు, గెలవాలని కాదు. అలా వేశామని చెప్పాలన్న సంగతి కూడా వాళ్లకు తట్టలేదు. నేనేమో చక్రాల బదులు మనుషుల్ని పెట్టి, వాళ్లు చక్రాల్లాగే నడుస్తారని నమ్మాను.

"చక్రాలు పక్కకు అడుగు వెయ్యవయ్యా!" అన్నాను, దాదాపు ఏడుపు గొంతుతో.

అప్ప అప్పటికే చెప్పులు విడిచేసి గోడెక్కేసింది. "ఎందుకెయ్యవు? ఆ రోజు ఏసినాయి కదా. మరిప్పుడూ అలగే ఎయ్యండి!"

అప్పుడు నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. మిషన్ దింపేస్తే బల్ల ఒట్టిది. ముందు బరువు కొంత లారీ భుజం మీద ఉంది. మిగిలింది వెనక చక్రాల మీద ఉన్నదే. రెండూళ్ల జనం ఇక్కడే ఉన్నారు.

"మిషన్ దింపండి. ఆ గడ్డి యంత్రం కూడా" అన్నాను.

వాలుబల్లలు వేసి, ముందు వెనకున్న కట్టల యంత్రాన్ని నలుగురు పట్టి దొర్లించారు. కట్టల యంత్రాన్ని నలుగురు పట్టి దొర్లించారు. లారీ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించాను. పిల్లల్ని దూరం పొమ్మన్నాను. కాళ్లు బల్ల కిందికి పెట్టొద్దని గొంతు చించుకుని అరిచాను. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, మీరు చెయ్యమని నేను చెప్పను కూడా. కానీ ఆ రోజు చేశాం.

పల్లకీ మోసేవాళ్లు వెనక అంచు పట్టుకున్నారు. వాళ్ల పక్కన చర్చి కుర్రాళ్లు, వాళ్ల పక్కన ఆడవాళ్లు. అధ్యక్షుడు సంబరంలో ఇచ్చే కేక ఇచ్చాడు. జవాబుగా అందరూ ఒక్కసారి "ఓహోం" అన్నారు. వెనక చక్రాలు నేల మీద నుంచి లేచాయి. గోడ మీద నుంచి అప్ప పాటలో గొంతెత్తినట్టే ఎత్తి, "కోవెలేపు! కోవెలేపు ఎయ్యండి!" అని అరుస్తోంది. కొంగమెడ బండి, ఇనప బండి, పీతలా పక్కకు అడుగు వేసింది. దింపారు, ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ "ఓహోం". ఇంకో అడుగు.

లారీ కదిలింది. చక్రం గోడ మూల పక్కనుంచి, రాతిని తాకకుండా, నెమ్మదిగా పోయింది. నేను కొలవలేదు. టేపు ఎక్కడ పారేశానో కూడా గుర్తు లేదు. నేనూ అరుస్తున్నాను, ఏం అరుస్తున్నానో తెలియదు. కోత మిషన్ చైన్ల మీద నిలబడ్డ చోటే గిర్రున తిరిగి, గోనెసంచులు పరిచిన దారిలో మలుపు దాటి, అవతల మళ్లీ బండెక్కింది, వెనకే కట్టల యంత్రమూ.

గెడ్డ వాలు దగ్గర డ్రైవరు ఒక్కసారి కిటికీలోంచి వెనక్కి చూశాడు. బండి ఊగలేదు. కొంగ నీళ్లలో దిగినట్టు కుదురుగా దిగి, గెడ్డ దాటి, అవతలి వాలు ఎక్కింది. "దూకనేదు మేడమ్ గోరూ!" అని అతను అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంత సంతోషం నాకు నా ప్రమోషన్ ఆర్డరు చూసినప్పుడు కూడా కలగలేదు.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా కోశారు, తెల్లారగానే మళ్లీ మొదలుపెట్టారు. వాన మర్నాడు పొద్దుగూకే వేళకు పడింది. అప్పటికి ధాన్యం బస్తాలు ట్రాక్టర్ల మీద గెడ్డ ఇవతలికి చేరి, సగం చర్చి హాల్లో, సగం రామకోవెల్లో ఉన్నాయి. అప్ప చర్చి మెట్ల మీద కూర్చుని, వాన చూస్తూ, గుప్పెడు వడ్లు నలిపి నోట్లో వేసుకుంది. "ఈ ఏడు మొలకలు నేవు" అంది. సంఘంలోంచి తప్పుకునే మాట మళ్లీ ఎత్తలేదు.

నేను ఊరుకుంటానా? వాన తగ్గగానే పాస్టరు గారిని ఒప్పించాను. గోడ మూల కొంచెం కోసి గుండ్రంగా కట్టిస్తే బండి తనంతట తనే తిరుగుతుంది. ఆయన సరేనన్నారు. మేస్త్రీ కూడా వచ్చాడు. ఊళ్లోవాళ్లే ఒప్పుకోలేదు. కోవెల వాళ్లు దేవుడి గోడ అన్నారు. చర్చి వాళ్లైతే, అప్పతో సహా, ఇంకో మాట అన్నారు: "గోడ కొట్టీస్తే మరి ఎత్తడమో?"

ఎత్తడం వాళ్లకు సంబరం అయిపోయింది. ఇప్పుడు ఏటా కోతలకు బండి గెడ్డ అవతలికి పోయే రోజున రెండూళ్ల వాళ్లూ మలుపు దగ్గర చేరతారు. ముందు మిషన్ దింపుతారు, తర్వాత బండి ఎత్తుతారు, ఆ తర్వాత గారెలు తింటారు. ఇంజనీరుగా నేను ఓడిపోయిన ఏకైక మలుపు అది. అంత తృప్తిగా ఓడిపోయింది కూడా అక్కడే.

ఈ ఏడు నేను రిటైరై ఇంట్లో ఉంటే అప్ప ఫోన్ చేసింది. రమ్మంది. మోకాళ్ల నొప్పులు, వచ్చినా పనికిరానన్నాను. వినలేదు. వెళ్లాను. అధ్యక్షుడి భుజం పక్కన నాకు చోటు వదిలారు. ఇనుము చల్లగా ఉంది. నేనేం ఎత్తగలను, ఊరికే అడ్డమని వెనక్కి జరగబోతుంటే, గోడ మీద నుంచి అప్ప కేకేసింది.

"సెయ్యి ఎయ్యండమ్మా. బరువు మేం సూసుకుంటాం."